మంత్రగత్తె కాదు, మాంత్రికురాలు

సంపాదకులకు నమస్కారాలు.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ఈ వేసవి సెలవుల్లో రోజూ రాత్రి డాబా మీద పడుకుని నాకొక నవల చెప్పింది. నైజీరియా మూలాలున్న అమెరికన్ రచయిత్రి టోమీ అడెయెమి 2018లో ప్రచురించిన 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' అది. పగలు ఇంగ్లీషులో చదవడం, రాత్రి తెలుగులో చెప్పడం. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నేను చిన్నపిల్లలా ఊకొడుతూ విన్నాను.

ఒరీషా అనే రాజ్యంలో మంత్రశక్తి అణగారిపోయిన అదను చూసి రాజు మాంత్రికులను చంపించాడు. కథానాయిక జెలీ అప్పటికి ఆరేళ్ల పిల్ల. ఆమె తల్లినీ చంపేశారు. తల్లి నుంచి రావలసిన విద్య జెలీకి అందలేదు, తెల్లజుట్టు మాత్రం మిగిలింది. ఆ జుట్టున్న వాళ్లందరినీ పురుగులని తిడతారు, అదనపు పన్నులు వేసి పీడిస్తారు. మామా అగ్బా అనే ముసలామె కుట్టుపని నేర్పుతున్నట్టు కనిపిస్తూ ఆడపిల్లలకు రహస్యంగా కర్రసాము నేర్పుతుంది. భటులు వస్తే కర్రలు మాయమై సూదీ దారం బయటికొస్తాయి. ఆ ఘట్టం మా పిల్ల చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

పదిహేడేళ్ల వయసులో జెలీలో తల్లి విద్య మేల్కొంటుంది. చనిపోయినవారి ఆత్మలను పిలిచి పని చేయించే విద్య అది. అక్కడికి వచ్చేసరికి మా పిల్ల ఆగిపోయింది. "అమ్మమ్మా, ఈమెను తెలుగులో ఏమనాలి? మంత్రగత్తె అంటే చెడ్డది కదా!"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. చేతబడి చేస్తోందని, బాణామతి చేస్తోందని అనుమానించి ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు మీ పత్రికలోనే ఎన్నోసార్లు చదివాను. అలా చంపే ముందు వాళ్లను పిలిచిన మాట అదే. నా చిన్నప్పుడు 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల కోసం, వాటికి 'చిత్ర' వేసిన బొమ్మల కోసం నెలంతా ఎదురుచూసేదాన్ని. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుల వెంట నేనూ అడవులన్నీ తిరిగాను. ఆ కథలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ సాహసమంతా మగపిల్లలదే. తల్లి విద్యను అందిపుచ్చుకుని రాజు మీదికి నడిచే ఆడపిల్ల నాకు ఆ పేజీల్లో ఎదురుపడలేదు. చివరికి "మాంత్రికురాలు అను" అన్నాను. మర్నాటి నుంచి అలాగే చెప్పింది, గౌరవంగా.

ఈ నవల తెలుగు అనువాదం కోసం విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో అడిగాను, దొరకలేదు. మన ప్రచురణకర్తలు ఎవరైనా దీన్ని పూనుకుని తేవాలి. తెచ్చేవారికి రెండు విన్నపాలు. పిల్లల పుస్తకం కదా అని తల్లి మరణాన్నీ, రాజు క్రూరత్వాన్నీ కత్తిరించవద్దు. అమెరికాలో నిరాయుధులైన నల్లజాతివారిని పోలీసులు కాల్చి చంపిన వార్తలు చూస్తూ దీన్ని రాశానని రచయిత్రి పుస్తకం చివర చెప్పుకుంది. ఆ బాధ తీసేస్తే మిగిలేది గారడీ.

రెండోది నాకు మరీ ముఖ్యం. జెలీ చదివే మంత్రాలు యొరుబా భాషలో ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో కోట్ల మంది మాట్లాడే భాష అది. మా పిల్ల ఆ వాక్యాల దగ్గర వేగం తగ్గించి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేది. అర్థం తెలియకపోయినా ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్లం. మనకు అలవాటే కదా అని వాటి స్థానంలో ఓం హ్రీం పెట్టేయవద్దు. ఆ మాటలనే తెలుగు లిపిలో రాసి, అర్థం పక్కన ఇవ్వండి. జెలీకి అమ్మ నుంచి వచ్చింది ఆ భాషే.

దీని రెండో భాగం 2019లో, మూడోది 2024లో వచ్చాయి. సెలవులైపోయి మా మనవరాలు వాళ్ల ఊరు వెళ్లిపోయింది. మిగతా కథ సంక్రాంతికి వచ్చి చెబుతానంది. ఈలోగా మొదటి భాగాన్ని నేనే, నా కళ్లతో, తెలుగులో చదువుకోవాలని ఉంది.

— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, ఏలూరు