కొటియా వాళ్లని ‘మీరెటు?’ అని అడగడం ఆపండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అంటున్న సరిహద్దు కొండ మీది కొటియా ఊళ్ల గురించి పేపర్లో వార్త పడినప్పుడల్లా మా సాలూరు టీ కొట్ల దగ్గర ఒకటే మాట. "వాళ్లకేం బాబూ, రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, రెండు చేతులా తింటున్నారు, ముందు ఆంధ్రావాళ్లో ఒడిశావాళ్లో తేల్చుకోమనండి" అని. చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. తేల్చాల్సింది వాళ్లా?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొరాపుట్టూ, మా సాలూరూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే విశాఖపట్నం జిల్లా. రాష్ట్రం విడదీసినవాళ్లు కొండ మీద ఇరవై ఒక్క ఊళ్లని సర్వే చేయకుండా వదిలేశారు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2006లో కోర్టు ఇది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి, అందాకా ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. పార్లమెంటుకి ఈ ఊళ్లు గుర్తొచ్చినట్టు లేదు. ఇటువైపు మాత్రం జిల్లాలు మారుతూనే వచ్చాయి, శ్రీకాకుళం పోయి విజయనగరం, అది పోయి 2022లో పార్వతీపురం మన్యం.

అక్కడుండేది ఎక్కువగా కోదులు, కొండదొరలు, జాతాపులు అనే గిరిజనులు. సంతలో చూడండి, కొండచీపుర్లు అమ్మే ఆడవాళ్లు మనతో తెలుగులో బేరమాడతారు, పక్కన కొరాపుట్ నుంచి వచ్చిన వ్యాపారితో ఒడియాలో మాట్లాడతారు, ధర దించాలా వద్దా అన్న అసలు చర్చ మాత్రం తమలో తాము వాళ్ల కువి భాషలో పెట్టుకుంటారు. మనకి ఒక్క ముక్క అర్థం కాదు, అందుకే ఎప్పుడూ వాళ్ల రేటుకే కొంటాం. పెళ్లి సంబంధాల్లోనూ వరస కుదిరిందా లేదా అనే చూస్తారు గానీ పిల్లది ఏ రాష్ట్రం అని అడిగేవాళ్లని నేను చూడలేదు. ఊళ్లో గొడవ లేదు సార్. గొడవంతా రెండు వైపుల అధికారుల జీపుల్లో వస్తుంది. ఒకళ్లు బోర్డు పాతితే ఇంకొకళ్లు పీకడం, 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమని మళ్లీ సుప్రీంకోర్టుకి పరుగెత్తడం. ఆ ఏడాది నవంబరులో ముఖ్యమంత్రులు జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. 2024 జూన్‌లో ఇద్దరూ దిగిపోయారు, ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రెండు ఓట్ల మాటకొస్తే, ఒక మనిషి పేరు రెండు జాబితాల్లో ఉండటం చట్టప్రకారం తప్పే, కాదనను. కానీ ఆ రెండు జాబితాలూ రాసింది ఎవరు? ఇంటికొచ్చి పేరు రాసుకుపోయింది రెండు ప్రభుత్వాల ఉద్యోగులే కదా. పైగా 2024లో కొరాపుట్, అరకు పార్లమెంటు స్థానాలు రెండింటికీ మే 13నే పోలింగ్. పొద్దున్నే నిద్రలేచిన ముసలాయన ఏ బూత్ వైపు నడిచినా ఎవరో ఒకరికి ద్రోహి అవుతాడు. దేశం విషయంలో ఆయనకి ఏ సందేహమూ లేదు, రెండు ఓటరు కార్డులూ ఇచ్చింది ఒకే భారత ఎన్నికల సంఘం. రాష్ట్రాభిమానం పేరుతో ఆయన దేశభక్తికి పరీక్ష పెట్టేది మనమే, సాలూరులోనో విజయవాడలోనో భువనేశ్వర్‌లోనో ఫ్యాన్ కింద కూర్చుని.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ రాయరు. ఆధార్ మనిషికి ఒక్కటే, అందులో అడ్రసు ఒక్కటే. పిల్లాడు పదో తరగతి ఇటు చదివి కుల ధ్రువీకరణ పత్రం అటుదైతే, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఏ రాష్ట్రం గిరిజనుడని రాయాలి? సరిహద్దు తేలేలోపు ఈ పిల్లల వయసు దాటిపోతుంది. అందుకని ఆ కమిటీ ఏదైనా మళ్లీ కూర్చుంటే మ్యాప్ పక్కన పెట్టి ముందు మూడు పనులకి సంతకం చేయమనండి. ఈ ఊళ్ల వాళ్లకి ఎవరిచ్చిన కుల పత్రమైనా రెండు రాష్ట్రాల్లోనూ చెల్లాలి. అంబులెన్సుని ఏ పోలీసూ ఆపకూడదు. చిన్న తరగతుల్లో కువితో మొదలుపెట్టి తెలుగు, ఒడియా రెండూ నేర్పే బడి ఉండాలి. గీత ఎటు గీయాలన్నది తర్వాత గ్రామసభ పెట్టి వాళ్లనే అడగండి, అధికారులూ జెండాలూ లేకుండా.

మీకూ ఒక మాట. ఈ ఊళ్ల వార్తకి ‘దూకుడు’, ‘చొరబాటు’ అని హెడ్డింగ్ పెట్టడం మానండి, ఇక్కడ అలా రాస్తే అక్కడా అలాగే రాస్తారు. జీపులు రాని రోజు చూసి మీ విలేకరిని పంపండి, నాలుగు ఊళ్లు తిరిగి ఎంతమంది పిల్లలకి పత్రాల పేచీ ఉందో లెక్క రాసుకు రమ్మనండి. దారి చూపించడానికి నేనొస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సాలూరు