కేకు మీద వచ్చిన తీర్పు వేఫర్‌కి ఎలా అంటుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న బాక్స్ ఐటమ్ వేశారు. కిట్‌క్యాట్ చాక్లెట్ కాదు, బిస్కెట్టేనని బ్రిటన్‌లో ఎప్పుడో తీర్పు వచ్చిందట. మా అమ్మాయి దాన్ని ఫొటో తీసి మా మనవడి క్లాస్ టీచర్‌కి వాట్సాప్‌లో పంపేసింది. లేకపోతే ఈ ఉత్తరం రాసే పని నాకు ఉండేది కాదు.

సంగతేంటంటే, మనవడు రెండో తరగతి. వాళ్ల స్కూల్లో స్నాక్స్ బాక్సులో బిస్కెట్లు పెట్టొచ్చు, చాక్లెట్లు పెట్టకూడదు. మంచి రూలే. మా అమ్మాయి కిట్‌క్యాట్ లాంటి వేఫర్ ఒకటి పెట్టింది, అంటే కరకరలాడే పలచటి రేకుల మీద చాక్లెట్ పూసింది, పది రూపాయలది. సాయంత్రం అది విప్పకుండానే తిరిగొచ్చింది, డైరీలో ఎర్ర ఇంకుతో ‘చాక్లెట్లు పంపవద్దు’ అని ఉంది. దాని కిందే ‘ఇది చాక్లెట్ కాదండీ, వేఫర్ బిస్కెట్’ అని రాసి మర్నాడు మళ్లీ అదే పెట్టింది. మళ్లీ తిరిగొచ్చింది. రెండు రోజులు బ్యాగులో పుస్తకాల కింద నలిగి, లోపల పొడి పొడి అయిపోయింది, పాపం. ‘నువ్వు చెప్పు నాన్నా, నీకు తెలుస్తుంది కదా’ అని పంచాయితీ నా దగ్గరికి తెచ్చారు. నేను రాజమండ్రిలో బిస్కెట్లు, చాక్లెట్ల ఏజెన్సీలో 31 ఏళ్లు లెక్కలు రాశాను మరి.

ముందు మీ వార్త సంగతి. 1991లో బ్రిటన్ వ్యాట్ ట్రిబ్యునల్, అంటే అమ్మకపు పన్ను తగాదాలు తేల్చే కోర్టు లాంటిది, తీర్పు ఇచ్చింది జాఫా కేక్ గురించి. గుండ్రంగా, అడుగున మెత్తటి స్పాంజి, మధ్యలో నారింజ జెల్లీ, పైన చాక్లెట్ ఉంటుంది. పైగా అది కేకు అని తీర్పు ఇచ్చింది, బిస్కెట్ అని కాదు. అంటే తీర్పు వచ్చిన తినుబండారమూ వేరు, తీర్పూ వేరు. దాంట్లో మా అమ్మాయికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

ఆ గొడవ ఎందుకొచ్చిందో చెప్తే ఇంకా బావుంటుంది. బ్రిటన్‌లో కేకుకి వ్యాట్ సున్నా, దాని మీద చాక్లెట్ పూసినా సున్నాయే. మామూలు బిస్కెట్‌కీ సున్నాయే. కానీ బిస్కెట్ మీద చాక్లెట్ పూశారనుకోండి, పూర్తి పన్ను పడుతుంది, అప్పట్లో 17.5 శాతం, ఇప్పుడు 20. అందుకే కంపెనీ మాది కేకు అంది, పన్ను శాఖ కాదు బిస్కెట్ అంది. పేరు, పిండి, మెత్తదనం, సైజు, ప్యాకింగ్, జనం చేత్తో తింటారా ఫోర్కుతో తింటారా, అన్నీ చూశారు. అందులో నాకు బాగా నచ్చింది నిలవపెట్టి చూడటం. కేకు పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్ పాతబడితే మెత్తబడుతుంది. జాఫా కేక్ గట్టిపడింది.

ఇప్పుడు వేఫర్ దగ్గరికి రండి. బ్రిటన్‌లో దాన్ని బిస్కెట్ అన్నా చాక్లెట్ పూసిన బిస్కెట్టే కాబట్టి 20 శాతం, చాక్లెట్ అన్నా 20 శాతం. పైసా తేడా రాని విషయానికి కోర్టు ఖర్చులు ఎవడు పెట్టుకుంటాడండీ! కిట్‌క్యాట్ పుట్టింది ఆ దేశంలోనే, 1935లో యార్క్ ఊళ్లో రౌన్‌ట్రీ కంపెనీలో, నెస్లే చేతికి వచ్చింది 1988లో. అక్కడి సూపర్ మార్కెట్లలో రెండు ఫింగర్ల కిట్‌క్యాట్ కట్టలు బిస్కెట్ల వరసలో, నాలుగు ఫింగర్లది చాక్లెట్ల వరసలో దొరుకుతాయి. సరుకు ఒక్కటే, విరిచి చూసినా ఒక్కటే. రెండైతే బిస్కెట్టూ నాలుగైతే చాక్లెట్టూనా?

అసలు గొడవ మన దేశంలో జరిగింది, మీరు దాన్ని వదిలేశారు. ఫ్యాక్టరీలో తయారైన సరుకు మీద ఎక్సైజ్ డ్యూటీ ఉన్న రోజుల్లో శాఖ వాళ్లు కిట్‌క్యాట్‌ని చాక్లెట్ కింద వేస్తే, కాదు ఇది వేఫర్ అని నెస్లే ట్రిబ్యునల్‌కి వెళ్లింది, 1990ల చివర్లో అక్కడ కంపెనీ మాటే నెగ్గింది. ఈ కేసులో డబ్బు తేడా ఉంది, అందుకే కంపెనీ అంత దూరం వెళ్లింది. ఆ తర్వాత 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు బిస్కెట్లకి 18 శాతం, చాక్లెట్లకి 28 పెట్టారు. చాక్లెట్ పూసిన వేఫర్‌ని ఎందులో వేశారో తెలుసా? 28లో. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే పన్ను కోసం సరుకుల రకానికి ఇచ్చే నంబరు, మాత్రం బిస్కెట్ల 1905, రేటు మాత్రం చాక్లెట్ల 1806ది! ఆ నాలుగున్నర నెలలూ నేను పడ్డ టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేను. ఒకే కోడ్ కింద రెండు రేట్లు, ఉత్త వేఫర్ ఒక రేటు, పూత ఉన్నది ఇంకో రేటు, కుర్రాడు కంప్యూటర్లో ఒకటి తప్పు కొడితే బిల్లులన్నీ మళ్లీ తీయాలి. నవంబర్ 15న అన్నిటినీ 18కి తెచ్చారు, బతికిపోయాం. ఇప్పుడైతే 2025 సెప్టెంబర్ 22 నుంచి చాక్లెట్లు, బిస్కెట్లు, కేకులు అన్నీ 5 శాతమే. కాబట్టి ఇది చాక్లెట్టా బిస్కెట్టా అని ఇప్పుడు మన దేశంలో పన్ను శాఖకి అక్కర్లేదు, కంపెనీకీ అక్కర్లేదు. అక్కరున్నది మా మనవడి టీచర్‌కే.

మరి ఆవిడకి ఏం చెప్పాలి? ఇలాంటి చోట మన కోర్టులు నిఘంటువు చూడవు, బజార్లో మామూలు మనిషి దాన్ని ఏమంటాడో చూస్తాయి. 1961లో సుప్రీంకోర్టు తమలపాకు కూరగాయ కాదంది. అకోలా వ్యాపారి ఒకాయన తమలపాకూ మొక్క నుంచి వచ్చేదే కదా, కూరగాయలకి ఇచ్చే అమ్మకపు పన్ను మినహాయింపు దీనికీ ఇవ్వండి అన్నాడు. జనం కూరగాయ అంటే పెరట్లో పండించుకుని భోజనంలోకి వండుకునేదే అనుకుంటారు, తమలపాకుని అలా అనుకోరు అని కొట్టేశారు. న్యాయమే కదా, తమలపాకు పులుసు ఎవరైనా పెడతారా?

కానీ ఈ బజారు లెక్క మన తెలుగు వాళ్ల దగ్గర పనిచేయదు. ఎందుకంటే మనకి అన్నీ చాక్లెట్లే. నిమ్మతొనలు చాక్లెట్టే, అల్లం మురబ్బా చాక్లెట్టే, కిరాణా కొట్టు సీసాలో రూపాయికి దొరికే పచ్చిమామిడి బిళ్లా చాక్లెట్టే, కోకో గింజ మొహం కూడా చూడనివి అవన్నీ. బజార్లో చిల్లర లేకపోతే ‘చాక్లెట్ తీసుకోండి’ అంటాడు, ఇచ్చేది పంచదార బిళ్ల. బిస్కెట్ అంటే మనకి టీలో ముంచుకునేది. వేఫర్‌ని టీలో ముంచేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఈ లెక్కన టీచర్ గెలిచినట్టే.

పోనీ నిలవపెట్టి చూద్దామా అంటే, గోదావరి ఒడ్డున అదీ తేలదు. ఆగస్టులో రేపర్ విప్పి బల్ల మీద పెడితే కాసేపటికి వేఫర్ తడి పీల్చుకుని సాగుతుంది, కాబట్టి బిస్కెట్. మేలో అయితే పూత కరిగి రేపర్‌కి అంటుకుపోతుంది, నాకాలి, కాబట్టి చాక్లెట్. వేసవిలో కొట్లవాళ్లు దాన్ని ఫ్రిజ్‌లో పెడతారు, బిస్కెట్ ప్యాకెట్లు ఎప్పుడైనా ఫ్రిజ్‌లో పెట్టారా?

చివరికి నేను చేసింది ఏమిటంటే, ఆ తిరిగొచ్చిన రేపర్‌నే భూతద్దం పెట్టి చదివాను. ఆకుపచ్చ చుక్క పక్కన, ఎవరూ చదవకూడదన్నంత చిన్న అక్షరాలు. ముందు వైపు ఎక్కడా ‘చాక్లెట్’ అని లేదు, ‘చాక్ లేయర్’ అని ఉంది. లేయర్ అంటే పొర, మరి చాక్ అంటే ఏమిటి, సుద్దముక్కా? చాక్లెట్ అని పూర్తిగా రాస్తే దానికి ప్రమాణాలున్నాయి, కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఎంతవరకు కలపొచ్చో దానికి హద్దుంది, అందుకే సగంలో ఆపేశారు. వెనక పదార్థాల జాబితాలో మొదట పంచదార, తర్వాత మైదా, తర్వాత వనస్పతి కొవ్వు. ఎక్కువ బరువు ఉన్నది ముందు రాయాలని రూలు. ఇంట్లో ఉన్న గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ తీసి చూస్తే పిండి ముందుంది, పంచదార తర్వాత ఉంది. నాకు ఇదొక్కటి చాలు. పంచదార ముందున్నది మిఠాయి, పిండి ముందున్నది బిస్కెట్. ట్రిబ్యునళ్లు ఏమన్నా సరే, పిల్లాడి పళ్లకి కోడ్ నంబర్లతో పనేముంది.

కాబట్టి మా అమ్మాయిదే తప్పని తేల్చాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ‘పేపర్లో వేశారు కదా నాన్నా’ అని ఒకటే మాట. మీరు దయచేసి జాఫా కేక్ సంగతి సవరించి రెండు లైన్లు వేయండి, అదే పేజీలో, అదే సైజులో, మూలన కనపడకుండా కాదు. వేస్తే ఫొటో తీసి అదే వాట్సాప్ నంబరుకి నేనే పంపిస్తాను.

మనవడి బాక్సులో ఈ వారం నుంచి వేరుశనగ ఉండలు వెళ్తున్నాయి. డైరీలో ఇంతవరకు ఏమీ రాలేదు. వాటిలో బెల్లం ఎక్కువా, వేరుశనగ ఎక్కువా అని మాత్రం నేను అడగలేదు.

ఇట్లు,
ఏజెన్సీ పాత గుమాస్తా,
రాజమండ్రి