సంతకం పెట్టే ముందు

బంగారూ,

షూ కంపెనీ వాళ్లు పంపిన కాంట్రాక్టు నేనూ మీ నాన్నా మొత్తం చదివాం. ఇంకా హైస్కూలు దాటని పిల్ల పరుగుకి అంత డబ్బు ఇస్తామంటే మాకు గర్వంగానే ఉంది. డబ్బు వద్దు, చదువే ముఖ్యం అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నువ్వు ముప్ఫై ఏళ్లు వచ్చాక కూడా ఇష్టంగా పరుగెత్తాలని నా ఆశ. అందుకే ముందు కాలేజీకి వెళ్లమంటున్నాను.

నీకు అమెరికా 800 మీటర్ల రన్నర్ అథింగ్ మూ అంటే ప్రాణం కదా. ఆమె కూడా ఒక ఏడాది టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తరఫున పరుగెత్తింది. 800 మీటర్లు 1:57.73లో పూర్తి చేసి కాలేజీ రికార్డు కొట్టింది. 2021 జూన్‌లో ప్రొఫెషనల్ అయింది, అంటే కంపెనీ డబ్బుతో పరుగెత్తడం మొదలుపెట్టింది, ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో గోల్డ్ గెలిచింది. హర్డిల్స్ రన్నర్ సిడ్నీ మెక్‌లాఫ్లిన్ కూడా కెంటకీ యూనివర్సిటీలో ఒక ఏడాది ఉండి, 2018లో బయటికొచ్చి ప్రొఫెషనల్ అయింది. కాలేజీలో చేరాక నచ్చకపోతే ఎప్పుడైనా ప్రొఫెషనల్ కావచ్చు. ఈ కాంట్రాక్టు మీద సంతకం పెడితే మాత్రం కాలేజీ టీముని ఇక మర్చిపోవాల్సిందే.

నా భయం నీ వయసు గురించి. అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 2013లో మాస్కో ప్రపంచ పోటీల్లో 1500 మీటర్ల ఫైనల్ పరుగెత్తినప్పుడు ఆమెకి 17 ఏళ్లు. అదే ఏడాది ప్రొఫెషనల్ అయింది. బరువు తగ్గమని తనని ఎంత ఒత్తిడి చేశారో, మూడేళ్లు నెలసరి ఎలా ఆగిపోయిందో, ఐదు ఎముకలు ఎలా విరిగాయో 2019లో తనే బయటికి చెప్పింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్లకి ఆడపిల్ల ఒళ్లు మారుతుంది. ఒక ఏడాది టైము తగ్గకపోవచ్చు, పెరగొచ్చు కూడా. అది జబ్బు కాదు తల్లీ, ఎదుగుదల. ఆ ఏడాది నీ చుట్టూ నీ ఈడు పిల్లలు, క్లాసులు, పరుగు కాకుండా మాట్లాడుకోవడానికి ఇంకేదైనా ఉండాలి. కాంట్రాక్టులో ఏముంది? ఫలానా ర్యాంకు రాకపోయినా, గాయమై పోటీలకి వెళ్లకపోయినా డబ్బు తగ్గిస్తామని ఉంది. ఆ పేజీ నేను రెండోసారి కూడా చదివాను.

డబ్బు సంగతి అంటావా, 2021 జులై నుంచి కాలేజీ పిల్లలు కూడా తమ పేరు మీద, ఫోటో మీద సంపాదించుకోవచ్చు. ఇంతకుముందులా డబ్బు వద్దనుకుంటేనే కాలేజీ టీము అన్న పరిస్థితి లేదు.

అలాగని కాలేజీలు అన్నీ మంచివని నేననను. శీతాకాలం ముందు క్రాస్ కంట్రీ, అంటే గడ్డి, మట్టి దారుల్లో దూరం పరుగు, తర్వాత ఇండోర్ ట్రాక్ పోటీలు, ఆ తర్వాత జూన్ దాకా అవుట్‌డోర్. టీముకి పాయింట్ల కోసం పిల్లల్ని అరగదీసే కోచ్‌లూ ఉంటారు. నీది 800 మీటర్లు. క్రాస్ కంట్రీలో ఆడపిల్లలకి 6 కిలోమీటర్లు. ప్రతి వారం అది పరుగెత్తిస్తారా అని అడుగు. మూడో ఏడాది, నాలుగో ఏడాది అమ్మాయిలు మొదటి ఏడాదికంటే వేగంగా ఉన్నారా, ఎంతమందికి స్ట్రెస్ ఫ్రాక్చర్లు (ఎక్కువ పరుగుతో ఎముకలో వచ్చే చీలికలు) అయ్యాయి, బరువు చూస్తారా, చూస్తే ఎవరు చూస్తారు? కోచ్ ఇబ్బంది పడితే పడనీ, అడుగు. అక్కడి అమ్మాయిలతో కోచ్ లేనప్పుడు మాట్లాడు.

ఇవన్నీ విన్నాక కూడా నీకు ప్రొఫెషనల్ అవ్వాలనే ఉంటే మేం అడ్డుపడం. స్ప్రింటర్ ఆలిసన్ ఫెలిక్స్ 2003లో హైస్కూలు అవగానే షూ కంపెనీ అడిడాస్‌తో సంతకం పెట్టింది, కానీ యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)లో చదువు ఖర్చు కంపెనీయే పెట్టుకుంది, ఆమె డిగ్రీ పూర్తి చేసింది. నీ కాంట్రాక్టులోనూ ఫీజులు రాతపూర్వకంగా ఉండాలి. కంపెనీకి సంబంధం లేని డాక్టర్ ఉండాలి. గాయమైతే డబ్బు కోసే ఆ షరతు తీసేయమని మన లాయరు చేత అడిగిద్దాం, ఏజెంటు చేత కాదు. వాళ్లు ఏమంటారో చూశాకే సంతకం గురించి మాట్లాడుకుందాం.

గురువారం కాలేజీ కోచ్ ఫోన్ చేస్తారన్నావు. పైన రాసిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

నీ
అమ్మ