తాబేలు నిద్రపోవడం లేదండీ, చలికి బిగుసుకుపోతోంది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో చలికాలంలో పెంపుడు జంతువుల సంరక్షణ మీద అరపేజీ వేశారు. కుక్కలకి స్వెట్టర్లు, పిల్లులకి పాత దుప్పటి, లవ్ బర్డ్స్ పంజరం మీద రాత్రిపూట గుడ్డ, అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో తాబేళ్ల గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. అవి చలికాలంలో సుప్తావస్థలోకి, అంటే చలికాలపు మొద్దునిద్రలోకి వెళ్తాయట, తినకపోయినా కంగారు పడక్కర్లేదట, కదపకుండా వదిలేయాలట. సరిగ్గా ఈ మాటే నమ్మి కిందటి డిసెంబరులో మా ఇంట్లో ఒక తాబేల్ని పోగొట్టుకున్నాం. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, కత్తిరించుకున్నా ఫర్వాలేదు గానీ డిగ్రీల లెక్క దగ్గర మాత్రం కత్తెర పెట్టకండి.

మేముండేది సీతమ్మధారలో, మూడో అంతస్తు. పిల్లాడి పుట్టినరోజుకి మా మరిది రెండు తాబేలు పిల్లల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తెచ్చాడు. పచ్చటి డిప్ప, కళ్ల వెనక ఎర్రటి చార, ఒక్కోటి మారీ బిస్కెట్టు కన్నా చిన్నది. అక్వేరియం షాపుల్లో అమ్మే ఎర్ర చెవుల తాబేళ్లు ఇవే. "ఏం చెయ్యక్కర్లేదు వదినా, రోజుకి నాలుగు గింజలు వేస్తే చాలన్నాడు షాపువాడు" అన్నాడు మరిది. పిల్లలు వాటికి బజ్జీ, పకోడి అని పేర్లు పెట్టారు. సాయంత్రాలు బీచ్‌కి తీసుకెళ్తే వీళ్ల దృష్టి ఎక్కడుంటుందో తెలిసిపోతోంది కదా.

మొదటి ఏడాది ఎలాగో గడిచిపోయింది. రెండో డిసెంబరులో బజ్జీ తినడం మానేసింది. పూర్ణా మార్కెట్లో కొన్న నీలం టబ్బులో, బాల్కనీలో ఒక మూల అలాగే పడి ఉండేది. అంతకుముందు రాత్రి పది దాటాక కూడా టబ్బు గోడని గోళ్లతో గీకుతూ టకటకలాడించేది, ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. మా అత్తగారు "చలికి నిద్రపోతోందిలేమ్మా, కదపకు" అన్నారు. అనకాపల్లి దగ్గర వాళ్ల పుట్టింటి బావిలో ఒక తాబేలు ఉండేదట, అది చలికాలమంతా కంటికి కనిపించేది కాదట. ఫోన్లో వెతికితే నాకూ అదే కనిపించింది, తాబేళ్లు చలికాలం నిద్రపోతాయని. సరే అనుకుని వదిలేశాం. పది రోజుల తర్వాత చూస్తే ఒక పక్కకి ఒరిగి తేలుతోంది, మునగాలని చూస్తోంది గానీ మునగలేకపోతోంది. రెండు కళ్లూ నానబెట్టిన బఠానీ గింజల్లా ఉబ్బి మూసుకుపోయాయి. ముక్కు దగ్గర చిన్న బుడగ, అది పగిలితే ఇంకోటి. మెడ చాచి నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. తాబేలు నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం మీరు చూసి ఉండరు, చూడకపోవడమే మంచిది.

డాక్టర్ని వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఒకాయన "కుక్కలైతే చూస్తానమ్మా, తాబేలు నాకు తెలీదు" అని నిజాయితీగా చెప్పేశాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. ఇంకొకాయన చూశారు. ముందు వేలితో టబ్బులో నీళ్లు ముట్టుకుని, "ఈ నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. చూడలేదు. అసలు చూడాలన్న సంగతే తెలీదు. న్యుమోనియా అన్నారు, ఇంజెక్షన్ ఇచ్చారు, ఒళ్లు చల్లగా ఉంటే మందు కూడా సరిగా పని చెయ్యదు కాబట్టి ముందు నీళ్లు వెచ్చబెట్టమన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మూడో రోజు పొద్దున్న చనిపోయింది. పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్లనని కూర్చున్నారు.

ఆ తర్వాతే ఆ డాక్టర్ గారి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. తాబేలుకి మనలాగా ఒంట్లో సొంత వేడి ఉండదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. ఈ ఎర్ర చెవుల తాబేళ్ల సొంత ఊరు అమెరికాలో మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం. అక్కడ చలికాలంలో చెరువుల నీళ్లు పది డిగ్రీల కిందికి దిగిపోతాయి. అంత చలిలో వాటి ఒంట్లో పనులన్నీ దాదాపు ఆగిపోతాయి, అడుగున బురదలో చేరి నెలల తరబడి తిండి లేకుండా ఉండగలుగుతాయి. నిజమైన సుప్తావస్థ అంటే అది. మన విశాఖలో అంత చలి ఎక్కడిది? డిసెంబరు, జనవరిల్లో రాత్రి 17, 18కి దిగితేనే మనం మఫ్లర్లు చుట్టుకుంటాం. మధ్యాహ్నానికి మళ్లీ 28, 29. ఆ తేడాలోనే తాబేలుకి ముప్పు. సుప్తావస్థలోకి జారేంత చలి ఉండదు, తిన్నది అరిగేంత వేడీ ఉండదు. తిన్నది పొట్టలో కుళ్లుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, ముందు ఊపిరితిత్తులు పాడవుతాయి. మనకేమో అది హాయిగా పడుకున్నట్టే కనిపిస్తుంది. లంబసింగిలో పొగమంచు ఫొటోలు చూసి విశాఖలో తాబేలు నిద్రపోతుందనుకుంటే ఎలా?

ఇంకో పిచ్చి కూడా ఉంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒక వీడియో చూపించి, "ఆంటీ, వీళ్లు తాబేల్ని ఫ్రిజ్‌లో పెడుతున్నారు, మనం కూడా పెట్టొచ్చు కదా" అన్నాడు. అతను చూసింది యూరప్ మెట్ట తాబేళ్ల వీడియో. వాటిని అక్కడివాళ్లు నిజంగానే ఫ్రిజ్‌లో పెడతారు, కానీ కొన్ని వారాల ముందే తిండి ఆపేసి, పొట్ట ఖాళీ అయ్యేలా నీళ్లలో నానబెట్టి, జబ్బేమీ లేదని చూపించుకుని, 5 డిగ్రీల దగ్గర పట్టి ఉంచి, గాలి ఆడేలా తలుపు తెరుస్తూ, వారం వారం బరువు తూస్తూ చేస్తారు. పెరుగు గిన్నె, కొత్తిమీర కట్ట పక్కన పెట్టే వ్యవహారం కాదు బాబూ అని చెప్పి పంపించాను.

మరి ఏం చెయ్యాలంటే, మేము పకోడికి చేస్తున్నది చెప్తాను. అక్వేరియంలో వాడే హీటర్, యాభై లీటర్ల నీళ్లకి యాభై వాట్లది, థర్మోస్టాట్ ఉన్నది, అంటే నీళ్లు సరిపడా వేడెక్కాక తనంతట తనే ఆగిపోయేది పెట్టాం. నీళ్లు 25, 26 దగ్గర నిలుస్తాయి. హీటర్ గాజు గొట్టాన్ని తాబేలు డిప్పతో గుద్ది పగలగొడుతుందని ఎవరూ చెప్పరు. ప్లంబింగ్ షాపులో అడుగున్నర పీవీసీ పైపు ముక్క తెచ్చి, ఒళ్లంతా చిల్లులు పెట్టించి, హీటర్‌ని అందులోకి దోపాం. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకాలి, ఇది మాత్రం పిల్లలకి నాలుగుసార్లు చెప్పాను. బకెట్లో స్నానం నీళ్లు కాచే రాడ్డు ఇందులో పెట్టడం గురించి ఆలోచించను కూడా ఆలోచించకండి. నీళ్ల పైకి ఒక రాయి ఉండాలి, అది ఎక్కి ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకోవాలి, రాయి మీద బల్బు వేడి 30 పైన ఉండాలి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. కిటికీ అద్దం లోంచి పడే ఎండ వెచ్చగా ఉంటుంది గానీ డిప్ప గట్టిపడడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు అద్దం దాటి రావు. అద్దం తీసి నేరుగా పడాలి, లేదా దానికోసం అమ్మే ప్రత్యేకమైన దీపం కొనాలి. మా బాల్కనీ తూర్పు ముఖం కాబట్టి ఎనిమిదింటికి అరగంట బయట పెడతాం, సగం టబ్బు మీద అట్టముక్క నీడ ఉంచి. నీడ లేకుండా వదిలేస్తే జనవరి ఎండకి కూడా చిన్న టబ్బులో నీళ్లు సలసలలాడిపోతాయి, ఇటు చలికి కాకపోతే అటు వేడికి పోతుంది. ఇక షాపులో అమ్మే ఎండు రొయ్యల డబ్బా ఒక్కదానితోనే పెంచితే విటమిన్ ఏ లోపించి కళ్లు ఉబ్బుతాయి, బజ్జీకి అదీ తోడైందన్నారు డాక్టర్ గారు. ఇప్పుడు గింజలతో పాటు క్యారెట్ తురుము, గుమ్మడికాయ ముక్క వేస్తున్నాం. పాలకూర రోజూ వద్దు. సున్నం, అంటే కాల్షియం కోసం షాపులో పొట్లాలు కొనక్కర్లేదు, బీచ్‌లో తెల్లగా కొట్టుకొచ్చే సముద్రపు నురుగు ముక్క (నిజం నురుగు కాదు, కటిల్ చేప ఎముక) తెచ్చి, రెండు మూడు రోజులు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి టబ్బులో వేస్తే చాలు. పకోడి దాన్ని మా పిల్లలు చెరుకు ముక్క నమిలినట్టు నములుతుంది.

బజ్జీ పోయాక చాలామంది ఇచ్చిన సలహా, మిగిలినదాన్ని ఎక్కడైనా వదిలేయమని. పక్కింటావిడ సింహాచలం వరాహ పుష్కరిణి అన్నారు, పుణ్యం కూడానట. మా వారి ఫ్రెండు ముడసర్లోవ అన్నాడు. ఇంకొకరైతే "తాబేలే కదా, ఆర్కే బీచ్‌లో వదిలేస్తే పోలా?" అన్నారు. జనవరి నుంచి మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేలు వేరండీ, అవి సముద్రపు తాబేళ్లు, ఇది మంచినీళ్లది, ఉప్పునీళ్లలో బతకదు. పోనీ చెరువులో వదిలితే ఇంకా పెద్ద తప్పు. ప్రపంచం మొత్తం మీద అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ఇదీ ఉంది. మన దేశవాళీ తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు అన్నీ లాగేసుకుంటుంది. కేరళలో త్రిశ్శూరు దగ్గర 2018లో ఒక కాలవలో ఇవి బయటపడితే, అక్కడి అటవీ పరిశోధన సంస్థ వాళ్లు ఇళ్లలో ఉన్నవి నీళ్లలో వదలకండి, మాకు తెచ్చివ్వండి అని జనాన్ని అడగాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లు బతుకుతుంది, భోజనం పళ్లెమంత అవుతుంది. ఆ సంగతి కొనేటప్పుడు మా మరిదికి ఎవరూ చెప్పలేదు, చెప్తే కొనేవాడు కాదు.

నక్షత్ర తాబేళ్లు పెంచేవాళ్లు కూడా మన ఊళ్లో ఉన్నారు, బయటికి చెప్పరంతే. ఇంట్లో ఉంటే లక్ష్మి అట. వాటికి చలికాలంలో ఏం చెయ్యాలో నన్నొకావిడ గుసగుసగా అడిగారు. అవి మన రాయలసీమ మెట్టల్లో తిరిగే జీవాలు, సుప్తావస్థ అన్నది వాటికి లేనే లేదు, చలి తగిలితే అంతే సంగతులు. అసలు ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో పులికున్న రక్షణే వీటికీ ఉంది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. బావిలో వేసే మన ఊరి తాబేలు విషయం కూడా అంతే. అటవీశాఖ వాళ్లకి అప్పజెప్పేయండి అన్నాను, ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు. నక్షత్ర తాబేళ్లని చూడాలనుంటే శ్రీకూర్మం వెళ్లి, కూర్మనాథుడి దర్శనం చేసుకుని గుడి ఆవరణలోనే చూసి రావచ్చు.

చిన్న పిల్లలున్న ఇళ్లకి ఇంకొక్క మాట. తాబేలుని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, వాటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటుంది. ఈ తాబేళ్లు పుట్టిన అమెరికాలోనే పిల్లలకి జబ్బులొస్తున్నాయని నాలుగు అంగుళాల లోపు వాటి అమ్మకాన్ని 1975లో నిషేధించారు. మన దగ్గర అమ్మేవన్నీ నాలుగు అంగుళాల లోపువే. టబ్బు నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి, బాత్రూంలో పోయండి.

నేనడిగేది ఒక చిన్న సవరణ. చలికాలంలో తాబేలు తినడం మానేస్తే అది నిద్ర అనుకోవద్దు, ముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి, 22 కన్నా తక్కువుంటే మెల్లగా, ఒకటి రెండు రోజుల మీద వెచ్చబెట్టండి, ఒరిగి తేలినా ముక్కులో బుడగలొచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంతే. ఆదివారం వ్యాసం వచ్చిన చోటే, అంత అక్షరాల్లోనే వేయండి. మూలన ఎక్కడో చిన్నగా వేస్తే ఎవరూ చదవరు.

మా మరిది కొన్న షాపుకి మొన్న నేనే వెళ్లాను, గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. షాపాయన అంతా విని, "నాకూ ఎవరూ చెప్పలేదమ్మా, చెన్నై నుంచి పెట్టెలు వస్తాయి, అమ్ముతాం" అన్నాడు. నా మాట మీద నమ్మకం కుదిరినట్టు లేదు. పేపర్లో వస్తే మాత్రం ఆ ముక్క కత్తిరించి ట్యాంకు మీద అంటిస్తానన్నాడు. అంటించడానికి టేపు కూడా కొనిచ్చి వచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
సీతమ్మధార, విశాఖపట్నం