తెలియకపోతే కిచెన్‌లో కనుక్కుని చెప్పమనండి: మీ ఇటాలియన్ రెస్టారెంట్ మీద ఫిర్యాదు

మేనేజర్ గారికి,

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ఫ్రెండూ మీ దగ్గరికి లంచ్‌కి వచ్చాం. బిల్లు, బుకింగ్ మెసేజ్, మెనూ ఫొటోలు అన్నీ దీంతో పాటు పంపిస్తున్నా, చూడండి. ఆ రోజు మీ స్టాఫ్‌లో ఒకరితో ఇవన్నీ చెబితే సారీ మేడమ్ అని ఊరుకున్నారు, ఎక్కడా రాసుకోలేదు, అందుకే రాతపూర్వకంగా ఇస్తున్నా.

ముందు టేబుల్ సంగతి. నేను బుక్ చేసింది లోపల ఏసీలో, మీ కన్ఫర్మేషన్‌లో కూడా అదే ఉంది. తీరా వచ్చాక లోపల ఖాళీ లేదు, టెర్రస్ మీద బావుంటుంది, గాలి వస్తుంది, ఫ్యాన్లు కూడా ఉన్నాయి అన్నారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం టెర్రస్ మీద ఏం గాలి వస్తుందండీ, పైగా మీ పిజ్జా ఓవెన్ కూడా ఆ పక్కనే, గొడుగు నీడ కాసేపటికే జరిగిపోయి సగం టేబుల్ మీద ఎండ పడుతోంది, మా ఫ్రెండ్ ఆ ఇనప కుర్చీ చేతుల మీద చెయ్యి ఆనించలేక బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మేం వెళ్ళిపోయేటప్పుడు చూస్తే లోపల టేబుళ్ళు ఖాళీగానే ఉన్నాయి. సరే, సర్దుకున్నాం, ఇదొక్కటే అయితే ఈ లెటర్ రాసేదాన్నే కాదు.

పిజ్జా మాత్రం చాలా బావుంది, అది చెప్పకపోతే తప్పు. 400 డిగ్రీలు దాటిన వేడిలో 60 నుంచి 90 సెకన్లలో తీసేసే నేపుల్స్ పద్ధతి మీ ఓవెన్ దగ్గర ఉన్నాయనకి బాగా వచ్చు, అంచు ఉబ్బి, నల్ల మచ్చలు పడి, మధ్యలో మెత్తగా, ఎలా ఉండాలో అలాగే వచ్చింది.

బురాటా దగ్గర మొదలైంది అసలు గొడవ. పైన మొజరెల్లా పొర, లోపల క్రీమ్‌లో నానిన చీజ్ పోగులు, ఇంత సున్నితమైన చీజ్ ఇంకోటి లేదేమో, ఇటలీలో చేసిన రోజో మర్నాడో తినేస్తారు దాన్ని. మా ప్లేట్ ఓవెన్ పక్కన కౌంటర్ మీద పెట్టి వదిలేశారు, మేం పిజ్జా సగం తినేదాకా అది అక్కడే ఉంది, అది మాదే అని మాకు తర్వాత తెలిసింది. టేబుల్ మీదకి వచ్చేసరికి టమాటా ముక్కలు వేడిగా ఉన్నాయి, కోస్తే లోపలి క్రీమ్ నీళ్ళలా కారిపోయింది, పులుపు వాసన. బురాటాని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఉంచి తినాలని నాకూ తెలుసు, కానీ ఎండలో ఓవెన్ పక్కన ఉంచమని ఎవరూ చెప్పరు కదా. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా గబగబా పెరుగుతుందని, బయట 32 డిగ్రీలు దాటితే ఇలాంటివి గంటకి మించి బయట పెట్టకూడదని ఫుడ్ సేఫ్టీలో మొదటి పాఠంగా చెప్తారు. అడిగితే మీ సర్వర్ ఏమన్నాడంటే, మేడమ్ ఇది ఇటలీ నుంచి వస్తుంది, దీని టేస్టే ఇంత. వాసన చూడను కూడా చూడలేదు ఆ అబ్బాయి.

ఇక పెస్టో, అంటే బేసిల్ ఆకుల పచ్చటి సాస్ వేసిన పాస్తా. మా ఫ్రెండ్ పుట్టినప్పట్నుంచీ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు, ఆర్డర్ ఇచ్చేముందే ఆ విషయం స్పష్టంగా చెప్పింది. మీ మెనూలో ఆ పాస్తా పక్కన వెజిటేరియన్ అని ఉంది, కిందనే పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్ వేస్తాం అని కూడా ఉంది. ఈ రెండూ ఒకే చోట ఎలా ఉంటాయండీ? ఆ పేరుతో అమ్మాలంటే దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తోనే పాలు విరగ్గొట్టాలి, అది దాని రూలు. తనకి అనుమానం వచ్చి ఈ చీజ్ వెజ్జేనా అని అడిగితే, చీజ్ అంటే పాలే కదా మేడమ్, హండ్రెడ్ పర్సెంట్ వెజ్ అన్నాడు. ఆ మాట నమ్మి తింది. జంతువుల నుంచి కాకుండా సూక్ష్మజీవులతో తయారయ్యే మైక్రోబియల్ రెనెట్‌తో చేసే గట్టి చీజ్‌లు దొరుకుతాయి, పెస్టోలో అది వేస్తే సరిపోయేది, లేదా ఆ వెజిటేరియన్ మార్కు తీసేస్తే ఆవిడ ఇంకోటి తెప్పించుకునేది.

డిజర్ట్‌గా తెప్పించుకున్న తిరమిసు అయితే ఇంకా దారుణం. ఎగ్ ఉందా అని తను అడిగింది, నేనూ మళ్ళీ అడిగాను, లేదు లేదు ఎగ్‌లెస్ అన్నారు. వచ్చింది చూస్తే చెంచాకి నిలవడం లేదు, కరిగి గ్లాసు అడుగుకి జారిపోతోంది. నాకెందుకో డౌట్ వచ్చి చెఫ్‌ని పిలవమన్నా. ఆయన మర్యాదగానే వచ్చి, మస్కర్‌పోనే అనే క్రీమ్ చీజ్‌లో పచ్చి గుడ్డు సొన కొడతాం, లోపలి బిస్కెట్లలో కూడా గుడ్డు ఉంటుంది, పార్మిజానో కూడా ఒరిజినలే అని ఉన్నదున్నట్టు చెప్పారు. అప్పటికే తను నోట్లో పెట్టుకుంది. మింగలేక, అందరి ముందూ ఉమ్మలేక నా వైపు చూసిందండీ, ఆ చూపు నేను మర్చిపోలేకపోతున్నా. నాప్‌కిన్ అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళింది, తిరిగొచ్చాక ఇంక మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేనే రమ్మని పిలిచాను తనని. అయినా పచ్చి గుడ్డు వేసినదాన్ని ఆ ఎండలో కరిగిపోయేదాకా బయట ఎలా ఉంచుతారు, అది మామూలుగా గుడ్డు తినేవాళ్ళకి మాత్రం మంచిదా?

చెఫ్‌కి అన్నీ తెలుసు, టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ళకి ఏమీ తెలియదు, మధ్యలో పది అడుగులు నడిచి అడిగే ఓపిక ఎవరికీ లేదు. తెలియదు, కనుక్కుని చెప్తా అంటే మేం ఏమీ అనుకోం, ఎంతసేపైనా ఆగుతాం. తెలిసినట్టు చెప్పడమే నన్ను బాధపెట్టింది. ఎవరికైనా గుడ్డు ఎలర్జీ ఉండి ఇదే జవాబు విని తింటే ఏమయ్యేది?

ఇవన్నీ అయ్యాక బిల్లులో సర్వీస్ చార్జ్ వేశారు, మామూలు నీళ్ళు అడిగితే తెచ్చి పెట్టిన స్పార్క్లింగ్ వాటర్ కూడా వేశారు. బురాటా ఒక్క ముక్క తిని వదిలేశాం, దానికీ పూర్తి డబ్బులే.

నేను అడిగేవి ఇవీ. పెస్టో పాస్తా పక్కన వెజిటేరియన్ మార్కు వెంటనే తీసేయండి లేదా చీజ్ మార్చండి. తిరమిసులో పచ్చి గుడ్డు ఉందని మెనూలోనే రాయండి. ఎండాకాలం పోయేదాకా టెర్రస్ మీదకి వెళ్ళే చల్లటి ఐటమ్స్ ఆ కౌంటర్ మీద పెట్టకుండా నేరుగా ఫ్రిజ్‌లోంచే తేవాలని కిచెన్‌కి చెప్పండి. బురాటా, పాస్తా, తిరమిసు, ఆ నీళ్ళు, సర్వీస్ చార్జ్ డబ్బులు వెనక్కి ఇవ్వండి, ఏ కార్డుతో కట్టానో బిల్లు మీద ఉంది. మా ఫ్రెండ్‌కి విడిగా క్షమాపణ చెప్తూ మెయిల్ పెట్టండి, తన అడ్రస్ సీసీలో ఉంది, కూపన్లు డిస్కౌంట్లు ఏమీ వద్దు అని తను చెప్పమంది.

వారం లోపు మీ జవాబు రాకపోతే ఇదే లెటర్ ఫుడ్ సేఫ్టీ అధికారులకి పంపిస్తాను.

ఇట్లు,
ఆ రోజు టెర్రస్ మీద మూల టేబుల్ కస్టమర్