జొన్నరొట్టె పెట్టిన పెద్దమ్మకు

నల్గొండలో ఆసుపత్రి వరండాలో నా పక్కన చాప పరచుకున్న పెద్దమ్మా, మీ పేరు అడగనేలేదు. దేవరకొండ వైపు ఊరని మాత్రం గుర్తు. మా ఆయన కాలు తీసేయాలన్నారని నేను ఏడుస్తుంటే మీరు ‘అంతా మన మంచికే’ అనలేదు. ఆ మాట అప్పటికే పదిమంది అనేశారు. జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టి, దారంతో కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని, బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయం తీశారు. తన శరీరంలో ముల్లులా గుచ్చుకునే బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా ప్రభువు తీయలేదు, తన కృప చాలన్నాడు. ‘చూశావా బిడ్డా, పౌలుకే తీయలేదు’ అని మీరు నవ్వారు. వారం తర్వాత మొదటిసారి నాకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు ప్రతి గురువారం అదే వరండాకు రొట్టెలు తీసుకెళ్తున్నాను. మీ అంత పలుచగా మాత్రం రావడం లేదు. వందనాలమ్మా.