ఢిల్లీలో చవగ్గా ఏం తినొచ్చు

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మాల్‌లో థాయ్ కూర, గుప్పెడు అన్నం కలిపి వెయ్యి దాటిందని, తీపి తప్ప మరో రుచి తెలియలేదని మొన్న ఫోన్లో విసుక్కున్నావు. "ఈ ఊళ్లో వేరే దేశాల తిండి మన జీతాలకి అందేది కాదు నాన్నా" అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. ఫోన్లో చెబుదామంటే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే ఉత్తరం.

మాల్‌లో నువ్వు కట్టింది చాలావరకు ఆ చోటుకి అద్దె. ఒక దేశపు తిండి అసలు రుచితో, తక్కువ ధరకి దొరకాలంటే ఆ దేశం మనుషులు ఆ ఊళ్లో రోజూ తింటూ ఉండాలి. యుద్ధానికి భయపడో, వైద్యానికో, చదువుకో వచ్చినవాళ్ల చేతిలో డబ్బు తక్కువ, నాలుకకి మాత్రం ఇంటి రుచే కావాలి. వాళ్ల కోసం వండేవాడు ధర పెంచినా, రుచి చెడగొట్టినా మర్నాటికి బేరం ఉండదు. అందుకే కొత్త ఊరెళితే నేను మంచి హోటల్ ఏదని అడగను. ఈ ఊరికి ఎవరెవరు వచ్చి స్థిరపడ్డారు, ఏ పేటలో ఉంటారు అని అడుగుతాను.

మన కంచరపాలెం బర్మా క్యాంపు నీకు తెలుసు కదా. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది వెళ్లారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కి, వ్యాపారాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో ఓడలెక్కి తిరిగొచ్చారు. అక్కడి నుంచి వచ్చిన సహోద్యోగి ఇంట్లోనే కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, ఖావ్‌సుయే, మొదటిసారి తిన్నాను. మద్రాసులో దిగినవాళ్లు బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ పెట్టుకున్నారు. అక్కడ సాయంత్రాలు బండి మీద అత్తో అమ్ముతారు. నూడుల్స్‌లో క్యాబేజీ, ఉల్లి, వేయించిన వెల్లుల్లి నూనె, కారం, చింతపండు పులుసు వేసి చేత్తోనే గబగబా కలిపి ఇస్తాడు. పక్కన అరటి దూట సూపు. మీ అమ్మ ఆ చెయ్యి చూసి ముట్టలేదు, నేను ఆవిడ వాటా కూడా తినేశాను.

కలకత్తా సంగతి కాస్త పొడుగ్గా చెప్పాలి. 2003 వరకు మన వాల్తేరు డివిజన్ సౌత్ ఈస్టర్న్ రైల్వే కింద ఉండేది కనక గార్డెన్ రీచ్‌లోని ఆ రైల్వే ప్రధాన ఆఫీసుకి తరచూ వెళ్లాల్సొచ్చేది. సోమవారం పనైతే ఆదివారమే దిగేవాణ్ని. హౌరా మెయిల్ ఇంకా చీకటుండగానే హౌరాలో దింపేది. అక్కడి నుంచి లాల్ బజార్ పోలీసు ఆఫీసు వెనక వీధికి. టిరెట్టా బజార్ అంటారు, అక్కడివాళ్ల నోట టెరిటీ బజార్. ఆదివారం తెల్లవారుతూనే చైనా ముసలమ్మలు రోడ్డు పక్కన అల్యూమినియం గిన్నెలు పేర్చి ఆవిరి పడుతూ కూర్చునేవారు. చేప ఉండల సూపు, లోపల కూరిన బన్నులు, పలచని పిండి పొరలో మాంసం పెట్టి ఆవిరిపట్టే సుయి మాయి. ఎనిమిదిన్నరకి వెళితే ఖాళీ గిన్నెలే. ఆ జనం అక్కడ రెండు వందల ఏళ్లకు పైగా ఉన్నారు. వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు, పళ్ల డాక్టర్లు, టాంగ్రా పేటలో తోళ్ల పరిశ్రమ నడిపేవాళ్లు. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి ఎంతోమందిని పట్టుకెళ్లి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. తర్వాత చాలామంది కెనడా వెళ్లిపోయారు. నేను వెళ్లిన ప్రతిసారీ గిన్నెల వరస ఇంకాస్త కురచగా కనిపించేది. ఆ వంటకాల్లో పంది మాంసం ఉంటుందని ముందే చెబుతారు, దాచరు.

ఇక నీ ఊరు, ఢిల్లీ. విధాన సభ మెట్రో స్టేషన్‌లో దిగి ఈ-రిక్షా ఎక్కి మజ్నూ కా టీలా అను. 1959లో దలైలామా వెంట, ఆ తర్వాతా వచ్చిన టిబెటన్లు యమున ఒడ్డున కట్టుకున్న కాలనీ. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. మోమోల కోసం అంత దూరం పోనక్కర్లేదు, అవి మన బీచ్ రోడ్డులోనూ దొరుకుతున్నాయి. నువ్వు తినాల్సింది లాఫింగ్. పెసర పిండి గంజిని పలచని రేకులుగా వార్చి, చల్లార్చి, చుట్టి కోసి, వెల్లుల్లి నీళ్లూ ఎర్రకారం నూనే పోసి ఇస్తారు. నీ నోటికి ఆ కారం చాలదనుకో, ఇంకో చెంచా అడుగు. సాయంత్రమైతే ధర్మశాల బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి. ఎక్కేవాళ్లు తుక్పా, అంటే నూడుల్స్ సూపు, తాగి ఎక్కుతారు, వాళ్లు ఏ కొట్టులో దూరితే నువ్వూ అందులోకే దూరు. బఫ్ అని రాసి ఉంటే గేదె మాంసం. తినడం, మానడం నీ ఇష్టం, నాకు ఏ పట్టింపూ లేదు.

ఇంకో రోజు లాజ్‌పత్ నగర్. బట్టల బజారు వైపు కాదు. ఆఫ్ఘన్లు ఉండే వీధుల్లోకి వెళ్లు, మందుల షాపుల మీద కూడా వాళ్ల లిపే కనిపిస్తుంది. అసలు ఆ పేటే దేశ విభజనప్పుడు పంజాబు నుంచి వచ్చిన కాందిశీకులది. 1979లో సోవియట్ సైన్యం కాబూల్ చేరాక మొదలైన వలస ఆగుతూ సాగుతూనే ఉంది. వైద్యానికి వచ్చే కుటుంబాలు గదులు అద్దెకి తీసుకుని నెలలు నెలలు ఉంటాయి. చేటంత నాన్ ఒకటి కొంటే ఇద్దరికి పూట గడుస్తుంది. కాబూలీ పులావులో క్యారెట్, కిస్మిస్ పైన ఉంటాయి, మాంసం అడుగున దాక్కుంటుంది, కంగారుపడి వెయిటర్ని పిలవకు. వంకాయ మీద పెరుగు పోసే బురానీ బాంజాన్ తప్పకుండా చెప్పు. మన వంకాయ పెరుగుపచ్చడికి వేలు విడిచిన చుట్టం. అక్కడ ఒక్కదానివే వెళ్లక ఆఫీసులో ఎవరినైనా వెంట తీసుకెళ్లు. భయానికి కాదు, ఆ పళ్లేలు ఒక్కరు తినలేరు.

వచ్చే నెల ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాం. కందిపొడి, ఆవకాయ తెస్తోంది మీ అమ్మ. ఆంధ్రా భవన్ భోజనం చాలు, ఇంకెక్కడికీ రానని ఇప్పుడే చెప్పేసింది. నువ్వు మాత్రం లోపల బంగాళాదుంప పెట్టి కాల్చే ఆఫ్ఘన్ రొట్టె, బొలానీ, ఏ కొట్టులో బాగుంటుందో చూసి ఉంచు. అది కూరగాయే కాబట్టి ఒప్పించే పూచీ నాది.

నాన్న